ముందుగది

మన ఇళ్ళల్లో పిల్లలకంటూ ఒక గది ఉండాలన్న ఆలోచన కొత్తది. అమ్మ పక్కనో అమ్మమ్మ పక్కనో చాపమీద నిద్రపోయి పెరిగిన వాళ్ళమే మనమంతా. చదువు వసారాలో, ఆట వీధిలో. జ్వరమొస్తే నడవాలో ఒక నులకమంచం. ‘పిల్లల గది’ అన్నమాట అపార్టుమెంటులు అమ్మే రంగురంగుల కాగితాలతోపాటు మన ఊళ్ళకి వచ్చింది. అందులో ఎప్పుడూ ఒక గులాబీరంగు గోడ, కారు ఆకారంలో ఒక మంచం, నవ్వుతున్న పిల్ల ఉంటాయి. ఆ పిల్లకి ఎప్పుడూ జబ్బు చెయ్యదు.

అందుకే 2012 ఆగస్టులో మా ఎనిమిదేళ్ళ పాపకి రక్తకేన్సర్ అని తేలి, మొదటి నెల ఆసుపత్రిలో గడిచాక, ఇంటికి తీసుకెళ్ళి జాగ్రత్తగా చూసుకోండి, పిల్లని ఉల్లాసంగా ఉంచండి అని వాళ్ళు చెప్పినప్పుడు నాకేమీ అర్థంకాలేదు. ఒక కాగితం ఇచ్చారు. అందులో చెయ్యకూడనివి ఉన్నాయి. పచ్చి కూరగాయలు పెట్టకూడదు. కాచని నీళ్ళు ఇవ్వకూడదు. గదిలో పూలు, మొక్కలకుండీలు ఉండకూడదు. చెమ్మ, బూజు, సున్నం రాలే గోడలు, ఇల్లు బాగుచేసేటప్పుడు లేచే దుమ్ము దగ్గరికి రానివ్వకూడదు. ఉతకటానికి వీల్లేని దూదిబొమ్మలు పనికిరావు. జనం గుమిగూడకూడదు. జ్వరం నూటికి పైకెక్కుతుంటే రాత్రి పగలు చూడకుండా బండెక్కాలి. ఇవన్నీ తీసేశాక ఉల్లాసంగా ఉండటానికి ఇంట్లో ఏం మిగులుతుందో ఆ కాగితంలో లేదు.

మాది భీమునిపట్నంలో పాత పెంకుటిల్లు. సముద్రానికి నాలుగు వీధుల దూరం. ఇక్కడి ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతుంటాయి. వానాకాలం వచ్చిందంటే గోడలు మోకాలెత్తు వరకు నెమ్ముతాయి. బట్టలబీరువా తెరిస్తే ముక్క వాసన. డచ్చివాళ్ళ సమాధుల్ని, లైట్‌హౌసుని చూడటానికొచ్చే వాళ్ళకి ఇదంతా అందమైన పాత ఊరే. తెల్లకణాలు అయిదొందలకి పడిపోయిన పిల్లకి మాత్రం గోడమీది నల్లటి బూజుమచ్చ ప్రాణాంతకమైన సంగతి.

ఆ ఇంట్లో ఎండా గాలీ బాగా వచ్చే గది ఒక్కటే ఉంది. వీధివైపున్న ముందుగది. తూర్పు కిటికీ. కిటికీలోంచి చూస్తే వీధి చివర జానెడు సముద్రం కనిపిస్తుంది. అది మా మావయ్యగారి గది. ఆయన పడకకుర్చీ, పేపర్ల కట్టలు, గోడకి వరసగా పోయినవాళ్ళ ఫోటోలు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది, అయినా ఆ గదిలోకి ఇంట్లో ఆడవాళ్ళం కాఫీ ఇవ్వటానికీ ఊడవటానికీ తప్ప వెళ్ళేవాళ్ళం కాదు. ఎవరూ వెళ్ళొద్దనలేదు. కూర్చునే అలవాటు లేదు, అంతే. మా అత్తయ్య పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ వంటింటి పక్కన చీకటిగదిలోనే పడుకునేది. నేనూ నా పెళ్ళయిన ఏడాది నుంచీ నడిమి గదిలో.

పాపకి ముందుగది కావాలి అన్నాను. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

మావయ్యగారు వద్దనలేదు. వద్దన్నది అత్తయ్య. “ఆడపిల్ల. జుట్టు రాలిపోయి ఉంటుంది. వీధిగదిలో పడుకోబెడితే ఊరంతా చూస్తారు. రేపు దానికి పెళ్ళి కావద్దూ? వెనకగదిలో ఉంచు, నేనూ చూసుకుంటాను” అంది. ఆమె మాటలో క్రూరత్వం ఏమీ లేదు. కేన్సర్ అన్నమాట బయటికి పొక్కితే ఆడపిల్లకే కాదు, ఆ పిల్ల చెల్లెలికి, పినతండ్రి కూతుళ్ళకీ సంబంధాలు రావని ఆవిడ లెక్క. ఆ లెక్క తప్పుకూడా కాదు, మనూళ్ళల్లో అలాగే జరుగుతుంది. మగపిల్లాడికైతే ఈ చర్చే వచ్చేది కాదు. మన దేశంలో కేన్సర్ ఆసుపత్రుల పిల్లల రిజిస్టర్లలో మగపిల్లలు ఆడపిల్లల కంటే ఎక్కువగా ఉంటారు. జబ్బులో కొంత తేడా ఉన్నమాట నిజమే కానీ, ఆసుపత్రి దాకా చేరని ఆడపిల్లల కథ కూడా ఆ అంకెల్లో ఉందని డాక్టర్లే రాస్తున్నారు. చేరిన పిల్లకి కూడా వెనకగదే చూపిస్తాం మనం.

మూడోరోజు పొద్దున్న మావయ్యగారు ఎవరితోనూ మాట్లాడకుండా పడకకుర్చీ ఎత్తుకుని అరుగుమీదికి వెళ్ళిపోయారు. ఫోటోలు మాత్రం నేనే దించాను. మంచంమీద పడుకుని కళ్ళు తెరవగానే చనిపోయినవాళ్ళు వరసగా కనిపించే గది పిల్లకి ఇవ్వదల్చుకోలేదు.

ఇక రంగులు. చుట్టాలంతా తలో సలహా ఇచ్చారు. నున్నగా కడుక్కోవచ్చు కాబట్టి ఆయిల్ పెయింట్ వెయ్యమన్నాడు మా మరిది. మందుల వల్ల పోపు వాసనకే వాంతిచేసుకుంటున్న పిల్ల, నెలల తరబడి పోని ఆ వాసనలో ఎలా పడుకుంటుంది? పైగా నెమ్ముగోడకి ఆయిల్ పెయింట్ వేస్తే లోపలి చెమ్మకి దారిలేక బుడగలుగట్టి ఊడిపోతుంది. చివరికి మా అమ్మ చెప్పిందే చేశాం. రాతిసున్నం తెచ్చి, కుండలో నీళ్ళుపోసి ఉడకనిచ్చి, రెండుమూడు రోజులు నాననిచ్చి, పాత పంచెలో వడగట్టి, కాస్త జిగురు కలిపి మూడుపూతలు. సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి దానిమీద బూజు తొందరగా పట్టదు. గోడ ఊపిరి పీలుస్తుంది. వాసన ఒక్కరోజులో పోతుంది. ఈ పని జరిగినన్నాళ్ళూ పాపని మా చెల్లి ఇంట్లో ఉంచాం. పాతగోడ గీకేటప్పుడు లేచే దుమ్ములో ఉండే శిలీంధ్రాలు ఇలాంటి పిల్లల ఊపిరితిత్తుల్ని పట్టుకుంటాయని ఆసుపత్రిలో ఒక నర్సు గట్టిగా హెచ్చరించింది. అచ్చు కాగితంలో ఒక ముక్కగా ఉన్నదాన్ని ఆమె విడమర్చి చెప్పింది కాబట్టే నాకు ఎక్కింది.

ఏ రంగు కావాలని పాపని అడిగాను. పడవల నీలం అంది. భీమిలి ఒడ్డున తెప్పలకీ పడవలకీ వేసే నీలం మీరు చూసే ఉంటారు, ముదురుగా, కాస్త వెలిసిపోయి. సున్నంలో బట్టలకి పెట్టే నీలిమందు ఎంత కలిపినా ఆ ముదురు రాలేదు. లేతగా, ఉతికిన స్కూలు చొక్కా రంగొచ్చింది. కింద మూరెడు ఎత్తున జేగురుతో పట్టీ వేశాం. అక్కడ గోడ త్వరగా మాసిపోతుంది కాబట్టి మన ఊళ్ళల్లో ఎప్పటినుంచో చేసే పనే అది. జేగురు బజారులో కొన్నాం. ఎర్రమట్టి దిబ్బలు పక్కనే ఉండగా కొనటమేమిటని ఒకాయన నవ్వాడు. ఆ దిబ్బలు తవ్వకూడనివి, వేల ఏళ్ళుగా గాలీ నీరూ కట్టినవి అని పాపే ఆయనకి సమాధానం చెప్పింది. బళ్ళో పాఠం విన్నదట.

ఇదంతా పూర్తయ్యాక తెలిసిందేమిటంటే, పిల్ల అసలు గోడలవైపు చూడట్లేదు. వెన్నులోకి ఇంజెక్షన్ ఇచ్చిన రోజుల్లో గంటల తరబడి వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. లేస్తే తలనొప్పి. వెల్లకిలా పడుకున్నవాళ్ళకి గోడలుండవు, కప్పే ఉంటుంది. మా కప్పు వాసాలూ పెంకులూ, సాలెగూళ్ళూ. గుడ్డతో చాందినీ కట్టిద్దామంటే దానిమీద దుమ్ము పేరుకుంటుంది, బల్లులు చేరతాయి. వెలుతురుకోసం అక్కడ పాతకాలం నుంచీ ఒక గాజు పెంకు ఉండేది. మసిపట్టి మూసుకుపోయింది. దాన్ని దించి తోమించి, పక్కన ఇంకొకటి పెట్టించాం. అంతే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రెండు ఎండబిళ్ళలు గోడమీంచి నేలమీదికి, నేలమీంచి మంచంమీదికి నడిచేవి. పాప వాటి అంచుల్ని పెన్సిలుతో గీసి గుర్తులు పెట్టుకుంది. ఇక్కడికొస్తే బడిగంట. ఇక్కడికొస్తే చేపలమ్మి వస్తుంది. ఇక్కడికొస్తే నాన్న బస్సు దిగుతాడు. నెలలు గడిచేకొద్దీ గుర్తులు పక్కకి జరుగుతున్నాయని కనిపెట్టి, సూర్యుడు తప్పుతున్నాడని తాతయ్యతో వాదన పెట్టుకుంది. మేం డబ్బుపెట్టి తెచ్చిన వస్తువులన్నిట్లో ఆమె వాడుకున్నది ఆ గాజు పెంకుని.

రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు తీసి, కిటికీలోంచి చెట్లు కనిపించే మంచాలవాళ్ళు ఇరవైముగ్గురిని, ఇటుకగోడ కనిపించే మంచాలవాళ్ళు ఇరవైముగ్గురితో జతకట్టి పోల్చాడు. చెట్లు చూసినవాళ్ళు కొంచెం ముందుగా ఇంటికెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఆసుపత్రులు కట్టేవాళ్ళు ఇప్పటికీ తలుచుకునే వ్యాసం అది. నేను దాన్ని చాలా ఆలస్యంగా చదివాను. చదివినప్పుడు మంచం కోళ్ళకింద పెట్టిన ఇటుకలు గుర్తొచ్చాయి. కిటికీ చట్రం ఎత్తుగా ఉండటంతో తలగడమీంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు. కోళ్ళకింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తుచేస్తే వీధీ, వీధి చివర నీళ్ళూ కనిపించాయి. ఒక మందువల్ల ఆమె పాదాలు పట్టుతప్పి తూలేది, అంత ఎత్తుమంచం మీంచి దిగలేదు కాబట్టి పక్కన ఒక వెడల్పు పీట వేశాం. ఉల్లాసమైన గది అంటే నాకు అర్థమైనంతలో చాలావరకు ఇలాంటి పనులే. ఎత్తెంత, చేతికి అందేదెంత, వాంతి బేసిన్ ఎటువైపు పెట్టాలి, అది కంటికి కనపడకుండా చేతికి దొరకాలంటే ఏం చెయ్యాలి.

కిటికీ విషయంలో అత్తయ్య భయపడిందే జరిగింది. ఊరంతా చూసింది. మొదటిరోజు చేపలమ్మి గంప దించి ఊచల దగ్గరికొచ్చి, “ఏటమ్మా, గుంటకి జుత్తేటయిపోనాది?” అంది. నేను నోరు తెరిచేలోగా పాపే, “మందులకి ఊడిపోయింది, మళ్ళీ వస్తుందట” అంది. “వత్తాదిలే తల్లీ, నాకూ కానుపుకి ఊడిపోనాది, ఇదిగో వొచ్చీసినాది” అని ముడి విప్పి చూపించి గంప ఎత్తుకుంది. ఆ తర్వాత రోజూ కిటికీకి అవతల రెండడుగుల దూరంలో నిలబడి ఆవేళ ఏం చేపలు పడ్డాయో చెప్పి వెళ్ళేది. ఇన్‌ఫెక్షన్ భయంవల్ల గదిలోకి ఎవర్నీ రానివ్వలేని మాకు ఆ కిటికీయే గుమ్మం అయింది. బడినుంచి వస్తూ స్నేహితురాళ్ళు అక్కడే ఆగేవాళ్ళు. పెళ్ళి సంబంధాల సంగతి అప్పటికి ఎవరికీ గుర్తులేదు.

గదికి అసలు తలుపుమీద పాప ఒక కాగితం అంటించింది. ‘లోపలికి రావచ్చా అని అడగాలి. తాతయ్య కూడా.’ ఆసుపత్రిలో ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చెయ్యి లాక్కుని సూది గుచ్చొచ్చు. పిల్ల ఒంటికి తలుపే లేదక్కడ. అది తప్పదు కూడా. అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఆ గదిలో సూది గుచ్చటం ఉండదు. రక్తం తీసుకోవటానికి ల్యాబ్ కుర్రాడొస్తే అరుగుమీద తాతయ్య కుర్చీలో కూర్చోబెట్టి తీసేవాళ్ళం. పిల్లల ఆసుపత్రుల్లో ఆటగదిని, కుదిరితే పిల్ల మంచాన్ని కూడా, నొప్పి జరగని చోటుగా ఉంచాలనే పద్ధతి ఉందని తర్వాత విన్నాను. మాకు అది పాప పట్టుదలవల్ల వచ్చింది. ఆ కాగితం చూసి మావయ్యగారు మొదట్లో గుర్రుమన్నారు. వారం తర్వాత గుమ్మం దగ్గర నిలబడి దగ్గేవారు. నెల తర్వాత “రావచ్చా అమ్మా” అన్నారు. ఆయన ఆ ఇంట్లో ఒక ఆడమనిషిని అనుమతి అడగటం నేను విన్నది అదే మొదలు.

అద్దం గురించి కూడా గొడవ జరిగింది. పిల్ల చూసుకుని బెంగపెట్టుకుంటుంది, తీసెయ్యమన్నారు అందరూ. ఆమెనే అడిగితే ఉంచమంది. స్టెరాయిడ్లతో మొహం చంద్రబింబంలా ఉబ్బినప్పుడు అద్దంలో చూసుకుంటూ బుగ్గలు పూరించి, దిష్టిబొమ్మలా నాలుక బయటపెట్టి నవ్వేది. ఒక్కోరోజు అద్దాన్ని గోడవైపు తిప్పేసేది. ఎప్పుడు తిప్పాలో ఆమెకే తెలుసు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఉల్లాసంగా ఉంచండి అన్నమాట అందరూ నాకే చెప్పారు. మా ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన పోర్టులో గుమాస్తా. పొద్దున్న బస్సెక్కి రాత్రికి వచ్చేవారు. వచ్చి పాప పక్కన కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునేవారు. తండ్రి మనసు ఎంత మెత్తనిదో అని చూసినవాళ్ళంతా అన్నారు. నేను ఏడిస్తే పిల్ల బెంబేలు పడుతుంది, ధైర్యంగా ఉండు అన్నారు. అమెరికా సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి రాసిన పుస్తకంలో, నవ్వు కూడా జీతానికి చేసే చాకిరీలో భాగమేనని చూపించింది. మనసులో లేని భావాన్ని మొహంమీద తెచ్చిపెట్టుకోవటం, మనసునే అటువైపు వంచటం. వాళ్ళకి కనీసం జీతం ఉంది, విమానం దిగాక నవ్వు తీసేసి ఇంటికెళ్ళొచ్చు. నేను పనిచేసే ప్రైవేటు బడిలో రెండునెలలు సెలవు పెట్టేసరికి వేరే టీచర్ని తీసుకున్నామని కబురు చేశారు. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం, అలా చెయ్యని బడి ఏదో చెప్పండి.

2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం మనుషులు రోజులో సమయం ఎలా గడుపుతున్నారో దేశమంతా సర్వే చేసింది. ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు ఆ పనిలో ఉంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ళని కనిపెట్టుకుని ఉండటానికి ఆడవాళ్ళు 134, మగవాళ్ళు 76. ఇవి మామూలు ఇళ్ళ అంకెలు. మందు డబ్బాలు కడిగి, గిన్నెలు మరిగించి, దుప్పట్లు రోజూ వేడినీళ్ళల్లో ఉతికి ఎండలో ఆరేసి, తడిగుడ్డతో నేల రెండుపూటలా తుడిచి, ఏటికొప్పాక లక్కబొమ్మల్ని ఒక్కొక్కటీ తుడిచి వరసపెట్టే ఇంటి అంకె వేరే ఉంటుంది. (లక్కబొమ్మల్ని ఎందుకు ఎంచుకున్నానంటే, అంకుడుకర్రమీద లక్కపూత నున్నగా ఉంటుంది, దుమ్ము దాగదు, చెట్లనుంచి తీసిన రంగులు. దూదిబొమ్మలు ఊరుకోబెట్టినట్టు ఊరుకోబెట్టవు, నిజమే.) గది ఉల్లాసంగా ఉందని మెచ్చుకున్నవాళ్ళెవరికీ ఈ చాకిరీ కనపడలేదు. కనపడకుండా ఉంటేనే గది ఉల్లాసంగా ఉన్నట్టు.

ఉల్లాసం కోసమే ఏర్పాటుచేసిన పిల్లలగది ఎంత భయంకరంగా ఉండగలదో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లోనే రాసింది. ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథలో డాక్టరైన భర్త భార్యని విశ్రాంతి పేరుతో పెట్టిన మేడగది ఒకప్పటి పిల్లల గదే. కిటికీలకి ఊచలు, గోడకి పసుపు కాగితం. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు అది ఆ భార్య కథ మాత్రమే అనుకున్నాను. అసలు అక్కడ ఆడుకోవలసిన పిల్లల గురించి ఆలోచించలేదు. ఎంత మంచిగాలి, ఎంత వెలుతురు ఉన్నా, గోడ ఏరంగులో ఉండాలో, తలుపు ఎవరు తియ్యాలో లోపలున్న మనిషి చేతిలో లేకపోతే అది గది కాదు. పిల్లలకీ అంతే.

గది అనేది ఉన్నవాళ్ళ మాట అని కూడా తెలుసు నాకు. వార్డులో మా పక్కమంచంలో ఉద్దానం నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. ఒక్క గది ఇల్లు, అందులో ఆరుగురు. వాళ్ళమ్మ ఇంటికెళ్ళాక ఏం చేసిందంటే, మంచం చుట్టూ తాడుకట్టి తన చీరలు వేలాడదీసింది. ఏరోజు ఏ చీర కట్టాలో పిల్లే చెప్పేదట. పెళ్ళిచీర కూడా కట్టించిందట. మాసిన చీర మాసినట్టు ఉతుక్కోవటమే. మూడోవారం మేమిద్దరం మళ్ళీ వార్డులో కలిసినప్పుడు ఆమె ఇది చెప్పింది. నేను మా సున్నం, జేగురు సంగతి చెప్పాను. “మీ గోడకంటే నా చీరే నయమప్పా, మార్చొచ్చు” అంది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక చికిత్స ఖర్చు చాలావరకు తీరుతోంది, ఇప్పుడు అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి కూడా ఉంది కాబట్టి అందరూ బొంబాయి పరిగెత్తక్కర్లేదు. కానీ ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన తర్వాతి పదిహేను రోజులు ఎవరి లెక్కలోనూ లేవు. ఆ పదిహేను రోజులూ తల్లే ఆసుపత్రి.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో హెలెన్ హౌస్ అని ఒక ఇల్లు తెరిచారు. నయంకాని జబ్బులున్న పిల్లలకోసం ప్రపంచంలో మొదటిదంటారు దాన్ని. హెలెన్ అనే పసిపిల్లని ఇంట్లో రాత్రింబవళ్ళు చూసుకుంటున్న తల్లిదండ్రులకి కాస్త ఊపిరి తీసుకునే వీలు కల్పించటానికి ఫ్రాన్సిస్ డొమినికా అనే సన్యాసిని ఆ పిల్లని అప్పుడప్పుడూ తన దగ్గర ఉంచుకోవటంతో మొదలైంది. నాకు అందులో నచ్చింది ఈ మొదలే. పిల్ల గదికంటే ముందు, పిల్లని చూసుకునేవాళ్ళ అలసట గురించి ఎవరో ఆలోచించారు.

ఏడాదిన్నర గడిచాక ఒక రాత్రి, మాత్రలు వేసుకుని పడుకోబోతూ పాప అడిగింది. “అమ్మా, నేను లేకపోతే ఈ గది ఎవరికిస్తారు?”

పిల్లలకి తెలీదనుకుంటాం. మైరా బ్లూబాండ్ లాంగ్‌నర్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో ఒక ఆసుపత్రిలో రక్తకేన్సర్ పిల్లల మధ్య గడిపి 1978లో రాసిన పుస్తకంలో, మూడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి కూడా ఎవరూ చెప్పకుండానే తమ పరిస్థితి తెలుసునని, పెద్దవాళ్ళు తట్టుకోలేరని తెలీనట్టు నటిస్తారని రాసింది. వాళ్ళు కూడా మనల్ని ఉల్లాసంగా ఉంచుతున్నారన్నమాట. ఆ మాట అడగటానికి పాప ఎన్నాళ్ళు ఆగిందో నాకు తెలీదు. ఛ, అలాంటి మాటలనకు అని నేననలేదు. నాకు కాళ్ళల్లో వణుకు పుట్టింది, మంచంపట్టె పట్టుకుని, “నీ గది. నువ్వు ఎవరికివ్వమంటే వాళ్ళకి” అన్నాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. “మామ్మకి” అంది. “మామ్మ గదిలో ఎండ రాదు.”

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. అప్పటికి రోజువారీ మాత్రల దశలో ఉన్నాం, ఇంకా కొన్ని నెలలుంది. ముందుగది పెంకులు సగం లేచిపోయాయి. పాత గాజు పెంకు పగిలింది, కొత్తది నిలిచింది. నీళ్ళు గోడలవెంట కారి నీలంరంగు జేగురులోకి దిగి వంకాయరంగు చారలుపడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, తాగేనీళ్ళు లేవు. పాపని అత్తయ్య చీకటిగదిలో పెట్టాం. ఇంట్లో చుక్కపడని గది అదొక్కటే. ఆవిడ నాలుగు రోజులు కూర్చునే నిద్రపోయింది, పిల్లకి తన మంచమిచ్చి. గోడలు ఆరేదాకా, మళ్ళీ సున్నం వేసేదాకా నెలా పదిరోజులు వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. గది మీద హక్కు ఎప్పుడు చేతులు మారిందో కూడా నాకు తెలీదు. 2015లో మందులు ఆపేసి, పరీక్షలన్నీ బాగున్నాయని తేలి, పాప మామూలుగా బడికెళ్ళటం మొదలుపెట్టిన కొన్నాళ్ళకి, మామ్మ మోకాళ్ళు పూర్తిగా పట్టేసినప్పుడు, తనే మామ్మ ట్రంకుపెట్టె లాక్కుంటూ తీసుకెళ్ళి ముందుగదిలో పెట్టింది.

ఆ ఇంట్లో కాపరానికొచ్చిన యాభై ఏళ్ళకి మా అత్తయ్య కిటికీ ఉన్న గదిలో పడుకుంది. ఇటుకలమీది ఎత్తుమంచం, పక్కన పీట అలాగే ఉన్నాయి, మోకాళ్ళకి బాగా పనికొచ్చాయి. చేపలమ్మితో బేరాలు మంచంమీంచే. పెన్సిలు గీతల్ని చెరపనివ్వలేదు. తలుపుమీద కాగితం ఎప్పుడో చినిగిపోయింది కానీ మావయ్యగారు చివరిదాకా గుమ్మంలో దగ్గేవారు. ఇద్దరూ ఇప్పుడు లేరు.

పాపకి ఇరవై దాటాయి. వేరే ఊళ్ళో చదువుకుంటోంది. ఆ గది గురించి అడిగితే గాజు పెంకు చెబుతుంది, కిటికీ చెబుతుంది, నీలంరంగు అసలు గుర్తులేదంటుంది. లక్కబొమ్మలంటే మాత్రం ఇప్పటికీ కడుపులో తిప్పుతుందట. వాంతి వచ్చేముందు కళ్ళెదుట అవే ఉండేవి. ఏడాదికోసారి పరీక్షలకి వచ్చినప్పుడు ఆ గదిలో కాకుండా నా పక్కనే పడుకుంటుంది.

ఆసుపత్రిలో తెలిసినవాళ్ళు నా ఫోన్ నంబరు ఇస్తుంటారు. మొన్న తగరపువలస నుంచి ఒకామె చేసింది. ఆరేళ్ళ కొడుకు. గది బాగుచేస్తున్నారట, గోడకి ఏం రంగు వెయ్యమంటారు, ఏనుగుల బొమ్మలు వేయించనా అని అడిగింది. బాబుని అడగండి అన్నాను. ముందు పడుకోబెట్టి ఎక్కడికి చూస్తాడో చూడండి అన్నాను. సున్నం సంగతి, ఇటుకల సంగతి చెప్పాను. రాసుకుంటున్నట్టుంది, మధ్యమధ్యలో ఆగమంది.

“మరి మీరెక్కడ పడుకుంటారు?” అని అడిగాను.

“నేనాండీ?” అంది. కొంచెంసేపు ఆగి, “ఆ గదిలో ఇంకో మంచం పట్టదండీ” అంది. గది కొలతలు చెప్పమన్నాను. పది బై తొమ్మిది. తలుపు ఎటు తెరుచుకుంటుందో అడిగాను. తలుపు రెక్క బయటికి తెరుచుకునేలా మార్పిస్తే గోడవారగా రెండడుగుల వెడల్పు బల్ల పడుతుంది. వడ్రంగి ఒక్కపూట పని. పరుపు మాత్రం మంచిది కొనుక్కోమన్నాను, రెండేళ్ళ మాట కదా.